తెల్వదు అన్న తండా

రాళ్లవాగు తండాలో తెలుగు వినిపించిందంటే బయటివాళ్లెవరో వచ్చారని అర్థం. తమలో తాము మాట్లాడుకునేదంతా లంబాడీలోనే. మేకల బేరగాడు వచ్చినా, ఓట్లవాళ్లు వచ్చినా, ఎక్సైజు జీపు వచ్చినా తండా తెలుగులోకి మారుతుంది. ఆ తెలుగులో అందరి నోటా ముందు వచ్చే మాట ఒకటుంది. తెల్వదు.

ఈ మాటను తండాకు ఒక పద్ధతిగా నేర్పింది వకీలు ఉమాదేవి. ఇదే మాట గురించి హైకోర్టు జడ్జీల ముందు మాట్లాడి మెప్పించిందీ ఆమే.

ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ పోయే దారిలో బస్సు దిగి, కంకర తేలిన బాటలో గుట్ట చుట్టి నడిస్తే ఆ తండా వస్తుంది. ఇండ్లు తక్కువ. దసరా దాటిందంటే మనుషులు ఇంకా తక్కువ. చెరుకు కొట్టడానికి కొందరు, కట్టడాల కూలికి కొందరు పుణె వైపు పోతారు. ఉమాదేవి తండ్రి జైసింగ్ అలా పోతూ వస్తూ ఉన్నవాడే. ఆమె ఇంటర్‌లో ఉండగా జ్వరంతో పోయాడు. తల్లి మేఘి కూలికి పోయి ఇల్లు గడిపింది. కూతురు మాత్రం ఆశ్రమ పాఠశాల నుంచి హాస్టల్‌కు, ఒక హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కు మారుతూ హైదరాబాద్‌లో లా పూర్తి చేసింది. 2009లో నల్లకోటుతో కామారెడ్డిలో దిగింది.

తండా నుంచి వకీలైన మొదటి మనిషి. అయితే ఎవరూ పూలదండ పట్టుకుని రాలేదు. వకీలంటే కేసులో ఇరుక్కున్నప్పుడు మాత్రమే చూసే మనిషి. అలాంటి మనిషి ఇంట్లోంచే వస్తే ఏమనాలో తండాకు తోచలేదు.

కామారెడ్డిలో సీతారాం అనే పెద్ద వకీలు దగ్గర ఆమె జూనియర్‌గా చేరింది. ఆయన ఆఫీసు రైల్వే స్టేషన్ రోడ్డులో, ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఉండేది. ఎండాకాలం యూరియా వాసన ఫైళ్లలోకి కూడా ఎక్కేది. ఎల్లారెడ్డి కోర్టు కేసులు ఎవరికీ ఇష్టం ఉండేవి కావు. బస్సులో పోయి రావడానికే పొద్దు గడిచిపోతుంది, తీరా పోతే వాయిదా. ఆ కేసులన్నీ ఉమాదేవికి వచ్చాయి. కింది మనిషికి వచ్చేది ఎప్పుడూ ఇంకెవరికీ అక్కర్లేనిదే. ఆమె ఫిర్యాదు చేయలేదు. సొంత తండాకు దగ్గర కదా అనుకుంది.

2010 చలికాలంలో ఎక్సైజు జీపు తండాకు వచ్చింది. చివరి ఇంటి వెనక కొట్టంలో గుడుంబా సారాకు నానబెట్టిన బెల్లం ఊట డ్రమ్ములు దొరికాయి. కొట్టం ఎవరిదని అడిగారు. పక్కింటి గంగ అమాయకంగా వేలు చూపించింది. "దేవీసింగ్ ఇల్లు గదే." తెల్లకాగితం మీద ఆమె బొటనవేలు పడింది. సాయంత్రానికి అది పంచనామా అయింది. దేవీసింగ్ ఉమాదేవికి చిన్నాయన. తాను అప్పుడు ఊళ్లోనే లేనని, చెరుకు కొట్టడానికి పోయానని, కొట్టం ఎవరు వాడుకున్నారో తనకు తెలియదని అతని మాట. అతను లేడని తండా పెద్ద ధర్మ్యా చెప్పాడు. గంగ కూడా అదే చెప్పింది. ఇల్లు చూపాను కానీ మనిషిని చూడలేదంది.

కేసు ఉమాదేవి చేతికే వచ్చింది. ఆమె సొంతంగా మొదటి నుంచి నడిపిన మొదటి కేసు అదే. చిన్నాయనను బెయిలు మీద తెచ్చిన రోజు తండాను కూర్చోబెట్టి ఆమె చెప్పింది. "ఎవడొచ్చి ఏం అడిగినా తెల్వదనుండ్రి. పేరు చెప్పొద్దు. ఇల్లు చూపొద్దు. ఏలిముద్ర అస్సలే పెట్టొద్దు. మీరు నోరు తెరిస్తే అది కాయితమైతది. కాయితమైతే నేను గూడ ఏం చెయ్యలేను."

"ఎవడొచ్చినా?" అని ధర్మ్యా అడిగాడు. ముసలివాడు, నియమం పూర్తిగా తెలుసుకుంటే గానీ ఒప్పుకోడు.

"ఎవడొచ్చినా."

పాఠం బాగా ఎక్కింది. ఎంతగా అంటే, కొన్నాళ్లకు పిల్లలు కూడా దాన్ని ఆటగా ఆడుకున్నారు. ఒకడు కర్ర పట్టుకుని పోలీసయ్యేవాడు. మిగతావాళ్లు ఏం అడిగినా తెల్వదనాలి. నవ్వినవాడు జైలుకు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో జనాభా లెక్కల పంతులు వస్తే ఆయనకు కూడా మనుషుల లెక్క సరిగ్గా దొరకలేదని చెప్పుకున్నారు.

2011 అంతా తెలంగాణ ఉద్యమం. కోర్టులు నడిచిన రోజుల కంటే వకీళ్లు బహిష్కరించిన రోజులే ఎక్కువ. కామారెడ్డి స్టేషన్‌లో రైలు పట్టాల మీద కూర్చున్న నల్లకోట్లలో ఉమాదేవి కూడా ఉంది. ఎవరో తీసిన ఫొటో పేపర్లో పడింది. మేఘి ఆ పేపరు ముక్కను బియ్యం డబ్బాలో దాచుకుంది. కేసులు పెడతారని అందరూ అనుకున్నారు. ఉమాదేవి మీద ఏ కేసూ పెట్టలేదు. కానీ పెడతారన్న మాట తండాలో ఉండిపోయింది.

మరుసటి ఏడు ఎండాకాలం చివర్లో హైకోర్టు ప్రకటన వచ్చింది. జడ్జీల దగ్గర లా క్లర్కులు కావాలి. ఏడాది కాంట్రాక్టు. ఆ ఏడాదీ ప్రాక్టీసు చేయకూడదు. జడ్జి ముందుకొచ్చే అప్పీళ్ల ఫైళ్లు చదివి, సారాంశం రాసి, పాత తీర్పులు వెతికి ఇవ్వాలి. వయసు హద్దు ఉంది. ఉమాదేవికి అది ఆఖరి ఏడు. తప్పితే మళ్లీ లేదు.

ఆ ఉద్యోగం ఆమెకు ఎందుకు కావాలో అప్పట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఎల్లారెడ్డిలో ఓడినవాడు పైకోర్టు మాటే ఎత్తుతాడు, "మీది కోర్టుకు పోత" అంటాడు. పోతాడు. తర్వాత ఏమైందో చాలా ఏళ్ల వరకు తెలియదు. ఒక్కోసారి మనిషే పోతాడు, ఫైలు అక్కడే ఉంటుంది. కింద నుంచి వెళ్లిన కాగితం పైన ఎవరి చేతిలో పడుతుందో, దాన్ని ఎలా చదువుతారో ఒక్కసారి చూడాలని ఆమెకు పట్టుదల. చూసి వస్తే ఇంకెప్పుడూ ఎల్లారెడ్డి బస్సెక్కే జూనియర్‌గా ఉండిపోనన్న లెక్క కూడా లోపల ఉంది. దాన్ని ఆమె దాచుకోలేదు.

సీతారాం ఆఫీసు గుమాస్తా సిద్ధిరాములు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. "మేడం, నల్లకోటు ఇడ్శిపెట్టి క్లర్కు అయితరా? నేను నా పెండ్లి కాక ముందు సంది క్లర్కునే. నాకు ఏ పరీక్షా పెట్టలే. సారు మొఖం జూసి రమ్మన్నడు, వచ్చిన."

"గది వేరే క్లర్కు, సిద్ధిరాములన్నా."

"చాయ్ తెచ్చేది ఉంటదా, ఉండదా?"

"ఉండదు."

"అయితే క్లర్కు కాదది. వేరే పేరు పెట్టుకోమనుండ్రి."

మేఘి కూడా అదే అంది, కాస్త బాధగా. "గన్ని సదువులు సదివి క్లర్కువైతవా? ఎంఆర్వో ఆఫీసుల ఉన్నోడు గూడ క్లర్కే గద." పెద్ద కోర్టులో, జడ్జి గది పక్కన అని చెప్పాక మాత్రం శాంతించింది. ఆ తర్వాత కూలికి పోయిన చోటల్లా "నా బిడ్డ జడ్జి పక్కపొంటి కూసుంటది" అని చెప్పుకుంది.

దరఖాస్తులో శాశ్వత చిరునామా దగ్గర సీతారాం ఆపాడు. "కామారెడ్డి రూము రాయి ఉమా. పోలీసు విచారణ ఉంటది. తండాకు ఎవడు తిరుగుతడు?" ఆమె వినలేదు. రాళ్లవాగు తండా అని రాసింది. ఆ పేరు హైకోర్టు మెట్లెక్కాలని ఆమెకు ఉంది. గర్వమే, కాదనడానికి లేదు. గర్వపడటానికి ఆమెకు అంతకుముందు పెద్దగా అవకాశాలు రాలేదు కూడా.

రాతపరీక్షలో పేరొచ్చింది. ఇంటర్వ్యూలో ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన ఎల్లారెడ్డి కోర్టు గురించి అడిగాడు. అక్కడ సాక్షులు ఎక్కువగా చెప్పే మాట ఏమిటన్నాడు. ఆమె తడుముకోలేదు.

"తెల్వదు."

ఆయన తనకు తెలియదని చెబుతోందనుకుని ముందుకు వంగాడు. ఆమె వివరించింది. మా దగ్గర ఆ మాటకు మూడు అర్థాలు. నిజంగానే తెలియదు, ఒకటి. తెలుసు గానీ చెప్పను, రెండు. అడగడానికి నువ్వెవరు, మూడు. సాక్షి ముఖం చూస్తే ఏదో అర్థమవుతుంది. కానీ వాంగ్మూలంలో మూడింటికీ ఒకటే ఇంగ్లిష్ వాక్యం పడుతుంది. ముఖం కిందే ఉండిపోతుంది, వాక్యం మీ దాకా వస్తుంది.

జడ్జీలు నవ్వారు. నొచ్చుకున్న నవ్వు కాదు, నచ్చిన నవ్వు. జాబితాలో ఆమె పేరు వచ్చింది. పోలీసు విచారణ నివేదిక అందాక చేరవచ్చని కాగితం వచ్చింది. సిద్ధిరాములు సొంత జేబులోంచి మిఠాయి తెచ్చి పంచాడు. "క్లర్కు సంఘంలకు స్వాగతం" అన్నాడు.

విచారణకు వచ్చింది హెడ్ కానిస్టేబుల్ నర్సింహులు. మంచివాడే. మఫ్తీలో, సొంత బండి మీద, మక్కజొన్నలు ఎండబోసే వేళకు తండా చేరాడు. యూనిఫాం లేకపోయినా బూట్లు చూసి పోలీసని పట్టేశారు. మంచం నులక బిగిస్తున్న ధర్మ్యా చేయి ఆపకుండానే తెలుగులోకి మారాడు.

"ఉమాదేవి ఇల్లేది తాతా?"

"ఏ ఉమాదేవి?"

"వకీలు. సచ్చిపోయిన జైసింగ్ బిడ్డ."

"జైసింగులు మస్తు మంది సారూ. సచ్చిపోయినోళ్లు గూడ ఉన్నరు."

నర్సింహులు జేబులోంచి కాగితం తీశాడు. అక్కడే పని చెడింది. కాగితం చూస్తే తండాకు వచ్చే ఆలోచన ఒక్కటే. అతను పైగా కాగితంలో ఉన్న ప్రశ్నలు ఉన్నట్టే అడిగాడు. "ఆమె ఎసుంటిది? ఏమన్న కేసులున్నయా? లొల్లిలల్ల తిరిగిందా?"

రైలు పట్టాల ఫొటో అందరికీ గుర్తొచ్చింది. ఉమాదేవి కోసం వచ్చారు. పట్టుకుపోవడానికి వచ్చారు. ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం కూడా లేకుండా ఆమే తయారు చేసింది వాళ్లను.

మక్కల దగ్గర నుంచి గంగ అంది. "గసుంటి పిల్ల గీడ లేదు. గా పక్క తండాల అడుగుండ్రి."

"ఈ తండానే రాసి ఉన్నది."

"రాసినోన్ని అడుగు మరి."

నర్సింహులు చుట్టూ చూసి, చేటతో నిలబడ్డ మేఘి దగ్గరికి వెళ్లాడు. "నీ పేరేంది అవ్వా?"

"తెల్వదు."

"నీకు బిడ్డలున్నరా?"

"తెల్వదు."

"నీకు బిడ్డలున్నరో లేరో నీకు తెల్వదా?"

"తెల్వదు సారూ," అంది మేఘి, చేట గుండెలకు ఆనించుకుని.

అతనికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. పొద్దు వాలుతోంది, ఇంకా రెండు ఊళ్లు తిరగాలి. "సరే, మీరు చెప్పిందే రాస్త. ఓ ముద్ర పెట్టుండ్రి" అన్నాడు. ముద్రలు పెట్టేది లేదని అందరూ ఒక్కసారే అన్నారు. సదరు పేరుగల వ్యక్తి ఈ చిరునామాలో లేరని, స్థానికులు ఎరగమని చెప్పారని రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తండాలో పండుగలా ఉంది. గంగ తన జవాబును వచ్చినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పింది. పిల్లకు ఈ సంగతి తెలిస్తే భయపడుతుందని, కొన్నాళ్లు ఇటు రాకపోవడమే మంచిదని ధర్మ్యా తీర్మానించాడు. మేఘి గంగ కొడుకు ఫోన్ నుంచి కూతురికి చెప్పింది. "గీ నెల రాకు బిడ్డా. గీడ మంచిగ లేదు." ఎందుకని అడిగితే ఫోన్ పెట్టేసింది. తల్లి మళ్లీ పెళ్లి సంబంధం మీద అలిగిందనుకుంది ఉమాదేవి. హైదరాబాద్‌లో ఉండటానికి రూము కూడా మాట్లాడుకుంది.

హైకోర్టు నుంచి ఉత్తరం సీతారాం ఆఫీసు చిరునామాకు వచ్చింది. మీరిచ్చిన చిరునామాలో మీరు లేరని నివేదిక వచ్చింది, సంజాయిషీ ఇవ్వండి, సరైన విచారణ నివేదిక తిరిగి తెప్పించండి, గడువు ఇది. ఆమె రెండుసార్లు చదివింది. ఎవరో కావాలని చేశారనుకుంది. తోటి వకీళ్లలో ఎవరికి తన మీద కంటు ఉందో లెక్కేసుకుంటూ ఎల్లారెడ్డి బస్సెక్కింది.

నర్సింహులు ఠాణా ముందు హోటల్లో దొరికాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. కోర్టులో ఆమెను ఎప్పుడూ చూసే మనిషే.

"మేడం, నాకు మీ మీద ఏం పగ? మీరే ఉమాదేవి అని నాకెరుక. కానీ విచారణంటే నా ఎరుక కాదు గద, ఊరోళ్ల మాట. మొఖం జూస్తెనే మీ అమ్మ అని ఎరుకైంది, ఆమెనే అడిగిన. బిడ్డలున్నరో లేరో తెల్వదన్నది. నన్నేం రాయమంటరు?"

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. "ముద్రలు గూడ పెట్టలేదా?"

"సచ్చినా పెట్టమన్నరు. ఎవలు నేర్పిండ్రో గానీ మంచిగ నేర్పిండ్రు."

దారి ఒకటి ఉందని అతనే చెప్పాడు. ఓటరు కార్డూ సర్టిఫికెట్లూ ఉన్నా ఉత్త కార్డులు చూసి నివేదిక మారిస్తే మొదటిసారి అబద్ధం రాశావని అతనికి మెమో వస్తుంది. అదే తండావాళ్లు, ధర్మ్యా, గంగ, మేఘి, మొదటిసారి పోలీసుకు తామే అబద్ధం చెప్పామని, ఉమాదేవి ఇక్కడి మనిషేనని ముద్రలేసి ఇస్తే, దాన్ని జతచేసి రెండో నివేదిక పంపుతాడు. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఎవరికీ ఇబ్బంది ఉండదన్న మాట దగ్గర ఆమె ఆగింది. దేవీసింగ్ కేసు ఇంకా నడుస్తోంది. బహిష్కరణల పుణ్యమా అని సాగి సాగి డిఫెన్సు సాక్షుల దశకు వచ్చింది. ఆ సాక్షులు ఇద్దరు. అతను ఊళ్లో లేడని చెప్పాల్సిన ధర్మ్యా, గంగ. మేము పోలీసులకు అబద్ధం చెప్పాం అని వాళ్లు ముద్రలేసిన కాగితం ఠాణాలో ఉంటే, బోనులో వాళ్ల మాటకు విలువేముంటుంది?

సీతారాంకు ఈ సందేహం విసుగు తెప్పించింది. "గుడుంబా కేసు ఏం కేసు ఉమా? ఇయ్యాల పోతది, రేపు ఇంకోటి పెడ్తరు. మీది కోర్టు మళ్ల పిలుస్తదా నిన్ను? ముద్రలు తీస్కొని రా."

"గా కాయితం అవతల సర్కారు వకీలు చేతిల పడితే సార్?"

"ఆయనకెట్ల తెలుస్తది?"

"నేను సర్కారు వకీలునైతే తెలుసుకుంట. తెప్పిస్త."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సొంత కేసుల గంత వకీలు తెలివి పనికిరాదు" అన్నాడు.

ఆదివారం ఆమె తండాకు వెళ్లింది. సంచిలో రాసిన కాగితం, కామారెడ్డిలో కొన్న ఇంకు ప్యాడ్ ఉన్నాయి. మొదట తల్లి మీద అరిచింది. ఏళ్ల తరబడి ఎవరి మీదా అరవని మనిషి.

"నన్ను కన్నవో లేదో నీకు తెల్వదా యాడీ?"

మేఘి బిత్తరపోయింది. "నువ్వే గద చెప్పినవ్. ఎవడొచ్చినా అన్నవ్. ఎవడొచ్చినా అంటే ఎవడొచ్చినా అనే గద?"

"పట్టుకపోనీకి వచ్చిండనుకున్నం" అంది గంగ. "నిన్ను ఇస్తమా?"

ఉమాదేవి కాగితం తీసి, ముద్ర ఎందుకో చెప్పింది. ధర్మ్యా తటపటాయించలేదు. "గింతేనా? నువ్వు పెట్టమంటే పెడ్త బిడ్డా. నువ్వు వద్దన్ననాడు పెట్టలే, నువ్వు పెట్టమన్ననాడు పెడ్త." బొటనవేలు ప్యాడ్‌కు అద్దాడు. వేలు నల్లబడింది.

ఆమె తాను రాసిన కాగితాన్ని ఆఖరుసారి చదివింది. ఎదుటి వకీలు చదివినట్టు చదివింది. "మీరు పోలీసులకు అబద్ధం చెప్పారా? చెప్పాము. ఇది మీ వేలిముద్రేనా? అవును. అయితే ఇప్పుడు నిజం చెబుతున్నారని నమ్మకం ఏమిటి?" మూడు ప్రశ్నలు. అంతే చాలు. ఆ తర్వాత దేవీసింగ్ జైలుకు పోతాడు. ధర్మ్యా వేలు గాలిలో అలాగే ఉంది.

"పెట్టాల్నా, వద్దా?"

దేవీసింగ్ అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు. తల వంచుకుని నేలను గీస్తున్నాడు. వద్దనలేదు. పెట్టించుకో అనీ అనలేదు.

"వద్దు" అంది ఉమాదేవి.

ధర్మ్యా వేలిని గోడకు రాసుకున్నాడు. ఆ రోజు పడిన ముద్ర అదొక్కటే.

ఆమె సంజాయిషీలో ఓటరు కార్డు, బార్ కౌన్సిల్ సర్టిఫికెట్ పెట్టి పంపింది. స్థానిక విచారణ నివేదిక మారలేదు కాబట్టి తీసుకోలేమని జవాబు వచ్చింది. జాబితాలో తర్వాతి పేరుకు పిలుపు పోయింది. అందులో ఎవరి తప్పూ లేదు. హైదరాబాద్ రూముకు ఇచ్చిన బయానా తిరిగి రాలేదు. తర్వాతి ప్రకటన నాటికి ఆమె వయసు దాటిపోయింది. సిద్ధిరాములు ఆ తర్వాత క్లర్కు అన్న మాట మీద జోకులు మానేశాడు. అది ఆమెకు ఇంకా కష్టంగా ఉండేది.

ఉన్నదల్లా ఇక ఆ కేసు. ధర్మ్యాను, గంగను కూర్చోబెట్టి బోనులో ఏం అడుగుతారో, ఎలా నిలబడాలో చెప్పింది. తెల్వదనవద్దని, తెలిసింది తెలిసినట్టు చెప్పాలని కొత్త పాఠం మొదలుపెట్టింది. పాత పాఠం అంత తొందరగా ఈ పాఠం ఎక్కలేదు.

2013 ఎండాకాలం మొదట్లో ఒక వాయిదా రోజున ఆమె ఎల్లారెడ్డి కోర్టుకు వెళ్లేసరికి ఆనాటి జాబితాలో దేవీసింగ్ కేసు లేదు. అడిగితే బెంచి క్లర్కు వింతగా చూశాడు. "మొన్న లోక్ అదాలత్‌ల అయిపోయింది గద మేడం. మీకు చెప్పలేదా? నేరం ఒప్పుకున్నడు. జుర్మానా కట్టి పోయిండు."

దేవీసింగ్ పొలం గట్టు మీద కనిపించాడు. ఆమె వస్తుండటం దూరం నుంచే చూసి, పార పక్కన పెట్టి నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలే కాకా?"

"చెప్తే వద్దంటవ్. తిరిగి తిరిగి కాళ్లు పోయినయ్. వాయిదా ఉన్ననాడల్లా కూలి పాయె. మేస్త్రీ పుణెకు తీస్కపోనన్నడు, కేసున్నోడివన్నడు. ఒప్పుకుంటె ఒక్క దినంల అయితది అన్నరు. అయింది."

"ధర్మ్యా తాతను, గంగను తయారు చేసిన. గెలుస్తుంటిమి."

"గెలుస్తుంటిమేమో."

"నువ్వు చెరుకు కొట్టనీకి పోయినవ్ గద అప్పుడు. మరి నాదే అని ఎట్ల ఒప్పుకున్నవ్?"

అతను పార అందుకున్నాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. ఈసారి ఇంకో మాట అడిగింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగనిది. వకీళ్లు అడగకూడదని సీతారాం మొదటి రోజే నేర్పినది.

"గా ఊట నీదేనా కాకా?"

దేవీసింగ్ మడి వైపు తిరిగాడు.

"తెల్వదు" అన్నాడు.

ముఖం కనిపించలేదు. మూడింట్లో ఏదో ఆమెకు అర్థం కాలేదు.

2014లో తెలంగాణ వచ్చింది. ఆగస్టులో ఇంటింటి సర్వే రోజున రాష్ట్రమంతా ఇండ్లకు చేరింది. పుణె నుంచి జీపుల్లో, రైళ్లలో నిలబడి జనం తండాకు వచ్చారు. లెక్కలో లేకపోతే ఇక మనిషే కాదన్నట్టు భయపడ్డారు. కోర్టులకు కూడా సెలవు. ఉమాదేవి ముందురోజే వచ్చి తల్లికి చెప్పింది. "రేపు వచ్చేటోనికి అన్ని చెప్పాలె యాడీ. తెల్వదనకు."

సర్వేకు వచ్చిన పంతులు దేవరాజ్ గడప ముందు కుర్చీ వేసుకున్నాడు. మేఘి ఈసారి నోరు విప్పింది. అడగనివి కూడా చెప్పింది. తన పేరు, చనిపోయిన మొగుడి పేరు, మేకల సంఖ్య. కూతురి వంతు వచ్చేసరికి ఆమె భుజం పట్టుకుని ముందుకు జరిపింది.

"ఇది నా బిడ్డ. నేనే కన్న. రాసుకోండ్రి సారూ, నేనే కన్న."

"రాసిన అవ్వా. ఏం పని చేస్తది?"

"పెద్ద కోర్టుల క్లర్కు కావాల్సింది."

దేవరాజ్ కలం ఆపి నవ్వాడు. పొద్దుటి నుంచి ఇలాంటివి చాలా విన్నట్టున్నాడు. "కావాల్సినోళ్లకు దీంట్ల గడి లేదవ్వా. ఉన్నది చెప్పు."

"వకీలు అని రాయండి. ఎల్లారెడ్డి కోర్టు" అంది ఉమాదేవి.

అతను రాసి, అట్ట తిప్పి, ఇంటి పెద్ద ముద్ర కావాలన్నాడు. మేఘి గబుక్కున చేయి కొంగులోకి లాక్కుంది. కూతురి ముఖం చూసింది, పెట్టమంటుందో వద్దంటుందో అని.

ఉమాదేవి తల్లి చేతిని కొంగులోంచి బయటికి తీసి, బొటనవేలు తానే ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తి పట్టింది. అవసరమైనదానికంటే గట్టిగా. మేఘి అబ్బా అంది.